పోగులు అతికేటప్పుడు

ఎనభైల్లో ఒక సాయంత్రం వరంగల్ వచ్చే ప్యాసింజరులో నా ఎదురు సీట్లో ఒక నేతగాడు, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన మెడా వేళ్లూ వాటంతటవే కదులుతున్నాయి. తండ్రికీ ఇదే జబ్బు వచ్చి మగ్గం మానేశాడట. తనూ మానాలేమోనన్న భయంతో పట్నం దవాఖానకు పోయి, తలకు స్కానింగ్ తీయించుకుని వస్తున్నాడు.

"డాక్టరు బల్లమీద ఒక్కసారి కొడితే వేలు లేపాల్నట సార్, రెండుసార్లు కొడితే లేపొద్దట. ఈయన అన్నిటికీ లేపిండు," అని ఆమె నవ్వింది.

"ఫోటో గూడ రెండుసార్లు ఖరాబైంది, తల నిలువలే," అన్నాడాయన. "గప్పుడు ఈమెనే చెప్పింది, తెగిన పోగులు అతుకుతున్న అనుకో అని."

పోగులు అతికేటప్పుడు ఆయన మనసంతా దానిమీదే పెట్టి కదలకుండా కూర్చుంటాడట, అందుకే అప్పుడు వాళ్లింట్లో ఎవరూ మాట్లాడరట. స్కానింగ్ యంత్రంలోనూ అలాగే పడుకుని మనసులోనే ఒక్కో పోగూ అతికాడు. మూడో ఫోటో బాగా వచ్చింది.

"మరి డాక్టరు ఏమన్నారు?" అని అడిగాను.

"జబ్బు అదేనట. కానీ ఇప్పుడే మగ్గం ఇడువొద్దన్నడు. రేపు పొద్దుగాల్నే కూసుంట," అన్నాడు.

విలేకరిగా ఆ తర్వాత ఎన్నో నేత ఇళ్లకు వెళ్లాను. ఎవరైనా పోగులు అతుకుతుంటే, ఆ పని అయ్యేదాకా ఏమీ అడగకుండా గుమ్మంలోనే నిలబడేవాణ్ణి.