బోలెక్ మగ్గు వీధి దాటిన రోజు

సరస్సు మీంచి వచ్చే మంచుకు తలుపు తట్టే అలవాటు లేదు. రాత్రికి రాత్రి వచ్చి వీధుల నిండా పరుచుకుని పడుకుంటుంది. తెల్లారేసరికి దాన్ని లేపి పక్కకు జరిపే పని బోలెక్ వ్రోబెల్‌ది. ఎవరి వాకిట్లో గుట్ట పొయ్యకూడదో, ఏ ముసలమ్మ కారు ఎక్కడ కూరుకుపోయి ఉంటుందో చక్రాలకే తెలుసన్నట్టు మంచుబండి నడుపుతాడు. లాకవన్నా ఊళ్ళో అతన్ని తిట్టుకునేవాళ్ళు లేరు, ఆదివారం పొద్దున్న తప్ప.

ఆదివారం పొద్దున్న అతను క్వార్టర్‌బ్యాక్.

మధ్యాహ్నం టీవీలో పెద్ద జట్టు ఆట మొదలయ్యేలోపు, చర్చి వెనక మైదానంలో నాలుగు బార్ల జట్లు అమెరికా ఫుట్‌బాల్ ఆడుకుంటాయి. ఆడా మగా, ముసలీ ముతకా అందరూ దిగుతారు. ఎవరూ ఎవర్నీ పడదొయ్యరు. బంతి పట్టుకున్నవాడి నడుముకు వేలాడే గుడ్డపట్టీ లాగేస్తే చాలు, ఆట అక్కడికి ఆగుతుంది. ఎవరు ఎటు ఉరుకుతున్నారో చూసి బంతి విసిరేది క్వార్టర్‌బ్యాక్. అతని చెయ్యి చల్లగా ఉంటే జట్టుకు పండగే. ఊర్సులా బారు జట్టుకు పండగ వచ్చి చాలా కాలమైంది. బోలెక్ విసిరితే బంతి బయల్దేరేటప్పుడు ఒక ఉద్దేశంతో బయల్దేరుతుంది, దారిలో మనసు మార్చుకుంటుంది.

అయినా అతని మగ్గు ఆ గోడ మీదే వేలాడుతోంది. ఊర్సులా బార్లో వరసగా మేకులు, మేకుకొక మగ్గు. మగ్గున్నవాళ్ళే జట్టులో మనుషులు. కిటికీ పక్క మేకు ఒకప్పుడు బోలెక్ నాన్నది. ఉక్కు ఫ్యాక్టరీ నుంచి మసితో వచ్చి, ఆయన ఆ మేకు కిందే కూర్చునేవాడు. సాయంత్రం ఎండ ముందుగా ఆ మగ్గు మీద వాలుతుంది. బోలెక్‌కి లోకంలో సొంతం అనిపించే చోటు అదొక్కటే.

నిరుడు అతను ఒక తప్పు చేశాడు. గెలిపించాడు.

నవంబరు ఆఖరి ఆట అది. ఊర్సులా జట్టు, వీధికి అవతలి డెంప్సీ బారు జట్టు అన్నీ ఓడి అట్టడుగున సమానంగా ఉన్నాయి. ఆరోజు ఓడినవాళ్ళకు మరుసటి ఆగస్టులో కొత్త ఆటగాళ్ళలోంచి మొదట ఎంచుకునే హక్కు. ఆ కొత్తవాళ్ళలో బ్రిజిడ్ క్విన్ ఉంటుందని ఊరంతటికీ తెలుసు. పాలబండి నడిపే పిల్ల. వీధి ఈ చివరి నుంచి బంతి విసిరితే ఆ చివర అరుగు మీద కూర్చున్నవాడి ఒళ్ళో పడుతుందంటారు. కాబట్టి ఓడిపోవడమే ధర్మం. పైకి ఎవరూ అనలేదు, అందరూ శ్రద్ధగా ఓడిపోతున్నారు. అంతలో మంచు తెర ఒక్క క్షణం విడిపోయింది. ఆ సందులో కాపలా లేకుండా నిలబడ్డ తన జట్టు మనిషి బోలెక్‌కి కనబడ్డాడు. కనబడ్డాక విసరకుండా ఎలా ఉంటాడు? ఇన్నేళ్ళలో మొదటిసారి బంతి మనసు మార్చుకోలేదు.

అందరూ ఎగిరి గంతులేశారు. గంతు మధ్యలో ఉండగానే ఏం జరిగిందో గుర్తొచ్చింది.

ఆ చలికాలమంతా బారు తలుపు తీయగానే వ్యాలీ గొంతు ఎదురొచ్చేది. వ్యాలీ అతని చిన్ననాటి స్నేహితుడు, జీవితంలో బంతి పట్టిన పాపాన పోనివాడు. "వచ్చాడండీ మహావీరుడు! ఏరా, ఓడిపొమ్మంటే ఓడిపోవడం కూడా చేతకాదట్రా నీకు?"

"ముప్ఫయ్యేళ్ళు ఓడిపోయాను కదరా, ఒక్కరోజు చెయ్యి జారింది," అనేవాడు బోలెక్.

ఆగస్టు వచ్చింది. చర్చి ఆవరణలో తిరునాళ్ళ దీపాలు కట్టారు. కొత్తవాళ్ళను ఎంచుకునే రోజుకు ముందు శుక్రవారం, వేయించిన చేపల పళ్ళేల మధ్య ఊర్సులా గరిటెతో బల్ల మీద కొట్టింది. బారూ ఆవిడదే, జట్టు పెత్తనమూ ఆవిడదే.

"మొదటి ఎంపిక డెంప్సీ మనకిచ్చేస్తాడట. వాళ్ళకి క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడుగా, వాడి మేనల్లుడు. బదులుగా మన రెండో ఎంపిక కావాలట, వచ్చే ఏటి మొదటి ఎంపిక కావాలట." గరిటె కింద పెట్టింది. "బోలెక్ కావాలట."



"వీణ్ణేం చేసుకుంటాడు? మంచులో నిలబెట్టి కాకుల్ని తోలిస్తాడా?" అన్నాడు వ్యాలీ.

"సాసేజ్‌ల కోసం. ఆట తర్వాత వీడు నిప్పుల మీద కాల్చే సాసేజ్ తిని డెంప్సీ మూడేళ్ళుగా మన మీద కుళ్ళి చస్తున్నాడు," అంది ఊర్సులా.

బోలెక్ భార్య ఐరీన్ పకపకా నవ్వింది. "నా మొగుణ్ణి మాంసం ముక్క కోసం అడిగారా! ఇన్నాళ్ళకి వీడి విలువ తెలిసినవాడు దొరికాడు."

ఆ తర్వాత ఎవరి నోరూ ఆగలేదు. ఒక్క చెయ్యి కోసం ఇంత ఇస్తామా అని కొందరు. ఆ చెయ్యి లేకపోతే మిగతా చేతులన్నీ ఉండి ఏం లాభమని కొందరు. "ఆ పిల్ల విసురుద్ది సరే, పట్టేవాడేడీ? నన్ను చూసి మాట్లాడండి," అన్నాడు వ్యాలీ. "పోయినసారి కూడా ఇలాగే ఎగబడి ఒక పొడుగోణ్ణి తెచ్చుకున్నాం. మొదటి ఆటకే మోకాలు పట్టుకుని కూర్చున్నాడు." ఊర్సులా మాత్రం బోలెక్ వైపు చూడకుండా ఒకే గ్లాసు తుడుస్తూ ఉండిపోయింది.

మారకం కుదిరితే మనిషి పూర్తిగా మారాల్సిందే. మగ్గు మేకు దిగుతుంది, వీధి దాటుతుంది. మళ్ళీ వెనక్కి రావడం ఆ ఊళ్ళో ఎప్పుడూ లేదు. బోలెక్ తల ఎత్తి తన మగ్గు చూసుకున్నాడు. దాని అంచున ఇంకా కాస్త ఎండ ఉంది.

"రేపు చెప్తాను," అని లేచాడు.

మర్నాడు పొద్దున్నే పాల డిపో వెనక్కి వెళ్ళాడు. బ్రిజిడ్ బండి కడుగుతోంది.

"మీరా! గెలిచినాయన!"

"ఆ మాట అనకమ్మా, గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్క బంతి విసురు, చూస్తాను."

ఆమె చేతులు తుడుచుకుంది. బోలెక్ దూరంగా నడిచాడు. ఇంకా దూరం, ఇంకా దూరం అని ఆమె చెయ్యి ఊపుతోంది. కంచె వీపుకు తగిలాక ఆగాడు. ఆమె చెయ్యి వెనక్కి వెళ్ళింది, ముందుకొచ్చింది. అంతే. బంతి ఆకాశంలోకి ఎక్కి, అక్కడ ఒక పక్షిలా కాసేపు ఆలోచించి, తన గూడేదో ముందే తెలిసినట్టు అతని రొమ్ము మీదికి దిగింది. రెండు చేతులా పొదువుకున్నాడు. అరచేతులు చురుక్కుమన్నాయి. ఇన్నేళ్ళూ తన చెయ్యి చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట, ఎవరో స్పష్టంగా పలికినట్టనిపించింది.

"బావుందా?" అని అరిచింది.

బోలెక్ బంతి గుండెకు హత్తుకునే నడిచొచ్చాడు.

"మీ ఊర్సులా వాళ్ళ దగ్గర పట్టేవాళ్ళు లేరంట కదండీ?"

"వ్యాలీ అని ఒకడున్నాడు. వాడి చేతులు చూడకు, బంతి వాడి కడుపు మీదికి విసురు. దాన్ని తప్పించుకునే దారి బంతికి ఉండదు."

ఆ సాయంత్రం అతనే కుర్చీ ఎక్కి మగ్గు మేకు నుంచి తీశాడు. "మారకం ఒప్పుకోండి," అన్నాడు. "ఆ పిల్ల బంతి పట్టుకు చూశాను. నేనే ఊర్సులానైతే నన్ను ఎప్పుడో ఇచ్చేసేదాన్ని."

"నోర్ముయ్," అంది ఊర్సులా, ముక్కు ఎగబీలుస్తూ.

ఆనవాయితీ ప్రకారం అందరూ వెంట నడిచారు. ముందు అకార్డియన్ వాద్యం వాయిస్తూ ఒకడు, వెనక ఐరీన్, మధ్యలో రెండు చేతుల్లో మగ్గుతో బోలెక్. కార్లు ఆగి హారన్లు కొట్టాయి. వ్యాలీ కళ్ళు తుడుచుకుంటూ, "మా ఇంటి ముందు మంచు మాత్రం తియ్యాలిరోయ్!" అన్నాడు. అవతలి గుమ్మంలో డెంప్సీ సుత్తీ, కొత్త మేకూ పట్టుకుని పెళ్ళివారి కోసం చూసినట్టు నిలబడి ఉన్నాడు. ఆ కొత్త మేకు గోడ చివర్న, పొయ్యి పక్కన. అక్కడ ఎండ పడదు. కానీ వెచ్చగా ఉంది.

అక్టోబరులో మొదటి మంచు రేకులు రాలుతుండగా రెండు బార్ల జట్లూ ఎదురుపడ్డాయి. ఆట చివరిదాకా సమానం. డెంప్సీ వైపు నుంచి వ్యాలీని కాపలా కాయాల్సినవాడు బోలెక్.

"ఎందుకురా నా వెంట? నాకెవరు విసురుతారు?" అన్నాడు వ్యాలీ.

బ్రిజిడ్ చెయ్యి వెనక్కి వెళ్ళింది. బోలెక్‌కి ఆ చెయ్యి తెలుసు. వ్యాలీ కంటే ముందే పరుగెత్తాడు, నిజాయితీగా, ఊపిరి అందనంతగా. చెయ్యి చాచి ఎగిరాడు. బంతి అతని వేళ్ళ మీదుగా దాటి, తిన్నగా వెళ్ళి వ్యాలీ కడుపు మీద వాలింది. వ్యాలీ దాన్ని తప్పించుకోలేకపోయాడు. గెలుపు గీత దాటి అక్కడే కూర్చుండిపోయి, పుట్టిన బిడ్డను చూసినట్టు దాన్ని చూసుకున్నాడు.

మైదానం ఒక్కసారిగా గోల పెట్టింది. ఊర్సులా గరిటె గాల్లోకి లేచింది. వాళ్ళందరికంటే ముందు, మంచులో మోకాళ్ళ మీద నిలబడి, రెండు చేతులూ ఆకాశానికెత్తి కేకలు పెడుతున్నవాడు బోలెక్.

"ఒరేయ్ బోలెక్!" డెంప్సీ నెత్తి కొట్టుకుంటూ వచ్చాడు. "నువ్విప్పుడు మావాడివిరా!"

"తెలుసు డెంప్సీ, తెలుసు," అన్నాడు బోలెక్, చేతులు దించకుండానే. "ఒక్క నిమిషం ఆగు. సాసేజ్‌లు పెడతాను."