వియ్యపురాలు విప్పిన మిషను

ఆ వర్క్‌షాపులో ఆయన్ని అందరూ 'వెంట్రుకవాసి' అంటారు. ఎదురుగా ఉంటే చివర 'గారు' తగిలిస్తారు. ఏ ముక్క కొలిచినా "వెంట్రుకవాసి ఎక్కువుంది", "వెంట్రుకవాసి తగ్గింది" అంటుండడం వల్ల వచ్చిన పేరది. తలమీద చూస్తే మచ్చుకి ఒక్కటీ లేదు. దాని మీద వర్క్‌షాపులో వేయని జోకు లేదు. ఆయనా నవ్వేసి, "ఉన్నవన్నీ కొలతలకి వాడేశాను, ఏం చెయ్యను?" అనేవాడు.

ఆయన పని సీఎన్‌సీ మిల్లింగ్ మిషను మీద. పైన కట్టరు గిరగిరా తిరుగుతూ ఇనుప దిమ్మని చెక్కుతుంది. దిమ్మని బిగించిన బల్ల ఎటు, ఎంత జరగాలో పక్కనున్న కంట్రోలరు చెబుతుంది. ఆ మిషను వచ్చిన వారంలోనే ఆయనా పనిలో చేరాడు. ఇరవై ఆరేళ్లయింది. నిలబడీ నిలబడీ ఆయన కాళ్ల కింద గచ్చు రెండు పాదాల మేర అద్దంలా నునుపుదేరింది. మిషను దగ్గితే ఈయన గొంతు సవరించుకుంటాడని భార్య వేళాకోళం చేసేది. సాయంత్రం ఇంటికెళ్లగానే, "ఇవాళ ఆవిడగారి ఒంట్లో ఎలా ఉంది?" అని మొదట మిషను కుశలమే అడిగేది.

ఒంట్లో బాగోకపోవడం రెండేళ్ల నుంచీ ఉంది. కంట్రోలరు స్క్రీను మీద అంకెలు వెలిసిపోయాయి. పొద్దున్నే స్విచ్చి వేసి, పెట్టె ఎడమ మూల అరచేత్తో ఒక్కటి చరిస్తే గానీ వెలుతురు వచ్చేది కాదు. ఒక సోమవారం ఆ చరుపుకీ లేవలేదు. ఎడమ మూల అయింది, కుడి మూల అయింది, బతిమాలడమూ అయింది. రిపేరు వాళ్లు ముగ్గురొచ్చి చూశారు. ఈ బోర్డులు తయారుచేయడం మానేసి పదిహేనేళ్లయిందని ముగ్గురూ పెదవి విరిచారు.

యజమాని మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆయన మితభాషి. నాలుగు మాటలు చెప్పాల్సిన చోట రెండే చెబుతాడు.

"ఒళ్లు గట్టిదే. బుర్ర పోయింది. కొత్త బుర్ర పెట్టిద్దాం."

"అంటే?"

"ఇనుమంతా ఇదే ఉంటుంది. కంట్రోలరు, మోటార్లు, వైర్లు కొత్తవి. ఆ పనిలో చెయ్యి తిరిగినావిడ ఒకరున్నారట. గురువారం వస్తారు."

వెంట్రుకవాసికి ప్రాణం లేచొచ్చింది. మిషను తుక్కు బండి ఎక్కదు, అంతే చాలు. గురువారం పొద్దున్నే బల్ల తుడిచి, నూనె పట్టించి, పెళ్లిచూపులకి సిద్ధం చేసినట్టు దాన్ని సిద్ధం చేసి నిలబడ్డాడు. గుమ్మం ముందు వ్యాను ఆగింది. బూడిదరంగు కోటు వేసుకుని, చేతిలో ఇనుప పెట్టెతో ఒకావిడ దిగింది. ఆవిణ్ణి చూసిన ఆయనకి గుండె జారి గ్రీజు డబ్బాలో పడ్డంత పనైంది.

ఆవిడ ఆయన వియ్యపురాలు. కోడలి తల్లి.

అంత కంగారు ఎందుకంటే, రెండేళ్ల కిందట సంబంధం మాట్లాడుకోవడానికి వాళ్లింటికి వెళ్లిన రోజున జరిగిన సంగతి ఒకటుంది. వియ్యంకుడు బళ్లో డ్రాయింగు మాస్టారు. ఆయన్ని మీరేం చేస్తుంటారని అడిగాడు గానీ, ఆవిణ్ణి అడగాలని ఈయనకి తోచలేదు. తన పని గురించి మాట వచ్చేసరికి మాత్రం ఆగలేకపోయాడు. టీ సాసరు తీసుకుని ఇది బల్ల అన్నాడు. దాని మీద బిస్కెట్టు పెట్టి ఇది ఇనుప దిమ్మ అన్నాడు. చెంచా నిలబెట్టి ఇది కట్టరు అన్నాడు. సీఎన్‌సీ అంటే ఏమిటో ఆవిడకి అరగంట సేపు విప్పి చెప్పాడు. ఆవిడ "అలాగా అన్నయ్యగారూ!" అంటూ శ్రద్ధగా విన్నది. కాబోయే కోడలు మధ్యలో దగ్గు వచ్చినట్టు లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా వియ్యపురాలు ఏదో కరెంటు సామాన్ల పని చేస్తుందని విన్నాడే తప్ప, ఏం పనో ఆరా తీయలేదు.

ఇప్పుడు ఆవిడ పెట్టె కింద పెట్టి, నమస్కారం చేసింది.

"బాగున్నారా అన్నయ్యగారూ?"

"మీరా చెల్లెమ్మగారూ! ఇటెలా వచ్చారు?"

"సాసరు మీద బిస్కెట్టు ఎలా ఉందో చూద్దామని వచ్చాను."

యజమానికి ఏమీ అర్థం కాలేదు. వెంట్రుకవాసికి నున్నటి తల మొత్తం ఎర్రబడింది.

ఇక మొదలైంది ఆయన అవస్థ. వేరే ఎవరైనా ఆ మిషను మీద చెయ్యి వేస్తే అరిచి గోల చేసేవాడు. వియ్యపురాలిని ఏమంటాడు? నోరు జారి ఒక్క మాటంటే సాయంత్రానికల్లా అది నాలుగిళ్లు తిరిగి కోడలి చెవిన పడుతుంది. అందుకని పళ్ల మధ్య కోపం నొక్కిపెట్టి, "కొంచెం నెమ్మదిగా, మీకు శ్రమ కాకపోతే", "ఆ స్క్రూ కాస్త బిడియం మనిషి, బుజ్జగించి తిప్పండి చెల్లెమ్మగారూ" అంటూ వెనకాలే తిరిగాడు. ఆవిడ విసుక్కోలేదు. ప్రతి వైరుకీ తెల్ల టేపు చుట్టి నంబరు రాసింది, ఫోటో తీసుకుంది, ఇది ఎక్కడికి వెళుతుందని ఆయన్నే అడిగింది. చివరికి పాత కంట్రోలరు వైర్ల కట్టని కట్ చేయడానికి కత్తెర తీసింది. బిడ్డకి సూది వేస్తుంటే బయటికి వెళ్లిపోయే తండ్రిలా ఆయన మంచినీళ్ల వంకతో గుమ్మం దాటాడు.

ఇంట్లో భార్య సంగతంతా విని పొట్ట పట్టుకుని నవ్వింది. "సాసరు కూడా తిప్పి చూపించారుగా! నేను కాలు తొక్కుతూనే ఉన్నాను, మీరు వింటేగా!"

"నీకు ముందే తెలుసా?"

"వదినగారు వంటింట్లో చెప్పింది. మీ సంబరం ఎందుకు పాడుచేయాలని మేమే ఊరుకున్నాం."

ఆయనకి ఆ పూట అన్నం సయించలేదు.

మూడోరోజు మధ్యాహ్నం ఇద్దరూ మిషను పక్కన చెరో క్యారేజీ విప్పుకున్నారు. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"చెల్లెమ్మగారూ, ఆ రోజు నేను ఆ బిస్కెట్టూ అదీ... మీ పని మీకే నేర్పబోయాను. మీరేం చేస్తారని ఒక్కమాట అడగలేదు. తప్పయిపోయింది."

ఆవిడ నీళ్ల గ్లాసు కింద పెట్టింది. "ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను అన్నయ్యగారూ. ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు నాకు నా పని నేర్పుతూనే ఉంటారు. అలవాటైపోయింది. కానీ మీలాగా మిషను గురించి కళ్లు మెరుస్తూ చెప్పినవాళ్లని చూడలేదు. ఆ సాయంత్రమే మా ఆయనతో అన్నాను. ఇనుముని ఇంత ముద్దుగా చూసుకునే ఇంట్లో మన పిల్లకి లోటుండదు అని."

ఆయన తన క్యారేజీలో మిగిలిన కూరంతా ఆవిడ మూతలోకి వంపేశాడు. ఆవిడ చాలు చాలంటున్నా వినలేదు.

అప్పట్నుంచి పని జోరందుకుంది. కొత్త స్క్రీను పుస్తకమంత పల్చగా వచ్చింది. వేలితో తాకితే చాలట. అయితే ఇరవై ఆరేళ్ల ఇనుముకి ఆయన వేళ్లు కాయలు కాశాయి. ఎంత తాకినా స్క్రీనుకి మనిషి తాకినట్టే అనిపించలేదు. నాలుగుసార్లు నొక్కి, దిగాలుగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ అది చూసింది. మర్నాడు ఆయన వచ్చేసరికి స్క్రీను కింద పెద్ద పెద్ద బటన్ల వరస ఒకటుంది. దాని పక్కనే పాత మిషను చేతిచక్రం. ఆయన చెయ్యి రాపిడికి రంగు పోయిన అదే చక్రం, కొత్త కంట్రోలరుకి కలిపి ఉంది. తిప్పి చూశాడు. ఒక్కో మెట్టుకీ బల్ల ఎప్పటిలాగే ఒక్కో వెంట్రుకవాసి జరిగింది.

"ఇది ఒప్పందంలో లేదే?" అన్నాడు యజమాని.

"రెండు గంటల పని. అన్నయ్యగారి చేతి అలవాటు చెడగొడితే మీకు రెండు నెలల పని పోతుంది," అన్నదావిడ.

మొదటిసారి బల్లని దానంతటది నడిపిన రోజు, కుడికి పొమ్మంటే ఎడమకి పరుగెత్తింది. ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన ఎర్ర బటను గుద్ది ఆపేశాడు.

"అచ్చం మా అబ్బాయే! కుడికంటే ఎడమ!"

"మా అల్లుణ్ణి ఏమీ అనకండి. లోపల ఒక్క అంకె మారిస్తే దారికొస్తుంది."

"ఆ అంకె ఏదో మావాడికీ చెప్పండి చెల్లెమ్మగారూ, పుణ్యముంటుంది."

పదకొండోనాడు అసలు పరీక్ష. అల్యూమినియం దిమ్మ మీద అరచేతంత గుండ్రం చెక్కమన్నారు. చూడ్డానికి పున్నమి చంద్రుడిలా వచ్చింది. వెంట్రుకవాసి దాని అంచు వెంట గోరు పెట్టి చుట్టూ తిప్పాడు. ఎడమవైపు ఒకచోట, కుడివైపు ఒకచోట గోరు చిన్న మెట్టు ఎక్కింది. ఆవిడ వెంట్రుకవాసి తేడానైనా ముల్లుతో చూపించే డయల్ గేజి పెట్టి చూసింది. నిజమే.

"బల్లని జరిపే స్క్రూలో వదులెంతుందో కొలిచి, దానికి తగ్గ సర్దుబాటు ఇచ్చానే," అంటూ ఆవిడ అంకెలు మళ్లీ మళ్లీ చూసుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. పక్కనే యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తప్పెక్కడుందో ఆ గదిలో ఒక్క వెంట్రుకవాసికే తెలుసు. బల్లని జరిపే పొడుగాటి స్క్రూ నడిమి భాగంలో అరిగిపోయింది. దిమ్మలన్నీ బల్ల మధ్యలోనే బిగించడం వల్ల ఏళ్ల తరబడి అక్కడే రాపిడి. ఎనిమిదేళ్లుగా ఆయన ఆ సంగతి ఎవరికీ పొక్కనివ్వలేదు. ఆ వదులు బయటపడకుండా బల్లని ఎప్పుడూ ఒకే వైపు నుంచి తెచ్చి ఆపేవాడు. గుండ్రటి పనులైతే ప్రోగ్రాములో అంకెలు అటూ ఇటూ దిద్దేవాడు. చెబితే మిషను తీసేస్తారేమోనని భయం. ఇప్పుడు చెబితే, ఇంతా చేసి అరిగిన మిషనుకా ఈ హంగులని యజమాని అనొచ్చు. చెప్పకపోతే చెడ్డపేరు వియ్యపురాలికి వస్తుంది.

ఆవిడ మూడోసారి అంకెలు సరిచూసుకోవడం ఆయన చూడలేకపోయాడు.

"ఆవిడ తప్పేం లేదండీ," అన్నాడు యజమానితో. "స్క్రూ నడుమ అరిగింది. ఆవిడ కొలిచింది చివరన. నాకు ఎనిమిదేళ్లుగా తెలుసు. దాచాను."

యజమాని ఆయన వైపు తిరిగాడు.

"ఎనిమిదేళ్లు?"

"అవునండీ."

"ఒక్క ముక్కా వెనక్కి రాలేదే?"

"రానివ్వలేదండీ."

"అయితే ఇన్నాళ్లూ ఈ మిషనుకి కంట్రోలరు నువ్వేనన్నమాట," అని యజమాని కట్టుకున్న చేతులు విప్పాడు. "ఏం చేద్దాం మరి?"

స్క్రూని బిగిద్దామా అని ఆవిడ అడిగింది. నడుమకి సరిపోయేలా బిగిస్తే చివర్లో పట్టేస్తుందని ఆయన అన్నాడు. ఇద్దరూ కలిసి రెండంగుళాలకి ఒకచోట గేజి పెట్టి స్క్రూ పొడవునా కొలిచారు. అంకెలు చెప్పడం ఆయన, రాయడం ఆవిడ. అరుగుదల అంతా నడుమనే, ఒకటిన్నర అడుగుల మేర. ఆయన కాగితం వంక చూసి, దిమ్మని బిగించే వైసు వంక చూసి, టక్కున పానా అందుకున్నాడు.

"నడుమ బాగోకపోతే నడుమే ఎందుకు పట్టుకు వేలాడాలి చెల్లెమ్మగారూ? వైసుని ఎడమ చివరికి జరిపేద్దాం. అక్కడ స్క్రూ కొత్తదానిలా ఉంది."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, నవ్వింది. "నాకెందుకు తట్టలేదు ఇది?"

వైసు జరిపితే బల్ల కుడివైపు ఎక్కువగా బయటికొస్తుంది. అక్కడున్న ఆయన స్టూలు, గుడ్డపేలికల డబ్బా, చొక్కా తగిలించే మేకు అన్నీ చోటు మారాయి. సాయంత్రం ఐదింటికి రెండో గుండ్రం చెక్కారు. ఆయన గోరు దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది, ఎక్కడా ఆగలేదు. ముక్కని వియ్యపురాలి చేతిలో పెట్టాడు. యజమాని టీ తెచ్చాడు, అది కూడా స్వయంగా వెళ్లి.

కాగితాల మీదున్న తన ప్రోగ్రాములన్నీ కొత్త కంట్రోలరులోకి ఎక్కించుకోవడానికి వెంట్రుకవాసికి నెల పట్టింది. ఎక్కడైనా చిక్కుపడితే ఫోను చేసేవాడు. కొన్నాళ్లకి అటు నుంచీ ఫోన్లు మొదలయ్యాయి. ఎక్కడో ఏదో మిషను దగ్గర నిలబడి, "కాస్త వినండి అన్నయ్యగారూ," అని ఆవిడ ఫోను దాని పక్కన పెట్టేది. ఈయన కళ్లు మూసుకుని విని, "బేరింగు కాదు, బెల్టు," అనేవాడు. పదిలో తొమ్మిదిసార్లు అదే అయ్యేది. పదోసారి మాత్రం ఆవిడ వారం పాటు ఆటపట్టించేది.

ఆఖరికి సెలవురోజుల్లో ఆవిడే వ్యాను తెచ్చి ఆయన్ని వెంటబెట్టుకుపోవడం మొదలుపెట్టింది. వైర్లు ఆవిడ చూస్తుంది, ఇనుము ఈయన చూస్తాడు. ఆ రోజుల్లో భార్య పొద్దున్నే లేచి రెండు క్యారేజీలు సర్ది, గుమ్మం దగ్గర అప్పగింతలు పెడుతుంది.

"నీలం మూత మీది. ఎర్ర మూత వదినగారిది. మీదాంట్లో ఉప్పు తగ్గించాను, దారిలో మార్చేసుకోకండి!"