తాతగారి కొలతకు చేసిన తుపాకీ

అవిసెనూనె వాసన కువైట్‌లో నాకు ఎదురవుతుందని ఎన్నడూ అనుకోలేదు. సబా అల్ సలేంలో మా యజమాని దీవానియాలో, అంటే మగవాళ్ళు సాయంత్రాలు చేరి కూర్చునే ఆ పొడుగాటి గదిలో, ఎప్పుడూ ఊదు పొగ, యాలకుల కాఫీ వాసనే ఉంటుంది. మొన్న చలి మొదలైన రోజుల్లో కారు తాళాలు ఇవ్వడానికి లోపలికి వెళితే బల్ల మీద అక్రోటు చెక్కముక్కలు పరిచి ఉన్నాయి. వాటికి పట్టించిన అవిసెనూనె వాసన ఊదుని తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చి నన్ను అక్కడే నిలబెట్టేసింది. ఆయన తన ఒంటి కొలతలకి ఒక వేట రైఫిలు చేయించుకోవాలనుకుంటున్నాడు. ఏ చెక్క నచ్చుతుందో చూసుకోమని చేసేవాళ్ళు ఆ ముక్కలు పంపారు. ఏడాదికి ఒక్కసారి పరాయి దేశపు కొండల్లో వేటకి వెళ్ళే మనిషికి ఇంత ఖర్చెందుకని ఆయన భార్య, మేము మామా అని పిలిచే ఆవిడ, నవ్వుతోందట.

నా నోరు ఊరుకోలేదు. "మా తాతగారికీ ఉండేది బాబా, ఇలా చేయించిందే" అన్నాను. నాకంటే చిన్నవాణ్ణి బాబా అని పిలవడం అలవాటైంది గానీ, మా ఇంటి సంగతి ఆయన దగ్గర ఎత్తడం అదే మొదలు.

ఆయన కాఫీ కప్పు దించి నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే నువ్వే చెప్పాలి. అంత పోసి చేయించుకోవడం జేనా, మూ జేనా? గురువారం కొలతల మనిషి వస్తాడు. అప్పుడు చెప్పు, నువ్వన్నట్టే చేస్తాను."

మంచిదా, కాదా అని అడిగాడు, అంతే. ఆయనకది సాయంత్రపు సరదా. నాకు మాత్రం మంచిదంటే నాయనమ్మకి ద్రోహం, కాదంటే తాతగారికి.

మాది గోదావరి జిల్లా మెట్ట సీమ, ఏజెన్సీ కొండలు మొదలయ్యే చోటు. మా ఇంటి పెరటిగోడ దిగితే టేకు అడవి, ఆ అడవి మా ముత్తాత నాటి నుంచి మాది. ఎస్టేటులన్నీ సర్కారు తీసేసుకుంటుందన్న మాట ఊళ్ళో పొక్కిన ఏడాదే, ఏం పట్టుదలో మరి, తాతగారు రైలెక్కి మద్రాసు వెళ్ళి, ఇంగ్లండు సీమ నుంచి వచ్చిన తుపాకుల కంపెనీ మనిషి ముందు నిలబడి చేతుల పొడుగు, మెడ పొడుగు, దవడకీ భుజానికీ మధ్య దూరం, అన్నీ కొలిపించుకుని వచ్చారు. ఖరీదు కోసం కోనసీమలో కాలవ గట్టునున్న కొబ్బరితోట అమ్మేశారు. ఆ తోట నాయనమ్మకి పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. సంతకం ఆవిడ చేతే పెట్టించారు. ఏమంటావని మాత్రం అడగలేదు. ఆవిడ అడక్కుండానే చెప్పింది, వద్దని. అది ఆయన చెవిన పడలేదు.

తుపాకీ ఓడెక్కి వచ్చేసరికి అడవి సర్కారుదైపోయింది. వేటకి వెళ్ళాలంటే రేంజరు దగ్గర పర్మిట్ తీసుకోవాలి. "మా అడవిలో అడుగు పెట్టడానికి నేను అర్జీ రాయాలా?" అన్నారట తాతగారు. రాయలేదు. అంతటి తుపాకీ ఒక్కనాడూ అడవి మొహం చూడలేదు. నాకు ఊహ తెలిసేనాటికి వేటే నేరమైపోయింది. అప్పటికింకా తాతగారు సాయంత్రాలు దాన్ని భుజాన వేసుకుని పెరటిగోడ దాకా వెళ్ళి, అడవి వైపు కాసేపు చూసి, వెనక్కి వచ్చేవారు. నాయనమ్మ వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండా, "నా తోట షికారుకెళ్ళొచ్చిందా?" అనేది. ఆవిడ దాన్ని తుపాకీ అని అన్నది నేను వినలేదు. ఎప్పుడూ నా తోటే.

ఆ తుపాకీకి ఒకే ఒక్క పండగ ఉండేది, దసరా. వానలు వెనకబట్టి, పెరట్లో నాచు ఆరి, గోడల మీంచి సున్నం వాసన, వంటింట్లోంచి బూరెలు వేగుతున్న వాసన కలిసి వచ్చే ఆ పదిరోజుల్లో, కర్పూరం బిళ్ళలు వేసిన పెట్టెలోంచి దాన్ని తీసి, చాప మీద పడుకోబెట్టి, పాత పట్టుగుడ్డతో అవిసెనూనె పట్టించేవారు. నూనె తాగిన అక్రోటు కర్ర చింతపండు రంగు తిరిగి నిగనిగలాడేది. ఆయుధపూజనాడు కత్తులు, కొడవళ్ళు, నాయనమ్మ కత్తిపీట, అన్నిటికీ నడుమ దాన్ని పెట్టి పసుపు కుంకుమలు అద్దేవారు. పులిహోర, గారెలు, చక్రపొంగలి, అన్నీ ఉండేవి, కొబ్బరి లౌజు ఒక్కటి తప్ప. నాయనమ్మ లౌజు చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకునేవారట. తోట పోయిన ఏడాది నుంచి ఆవిడ చెయ్యడం మానేసింది. "కొన్న కాయతో నాకు పాకం కుదరదు" అనేది. నేను దాని గురించి విన్నాను గానీ తినలేదు.

పూజ అయ్యాక తాతగారు నన్ను పిలిచి, తుపాకీ మడమని నా మోచేతి మడతలో ఆనించి, చూపుడువేలు ట్రిగ్గర్‌కి అందుతుందేమో చూసేవారు. తుపాకీ మనిషికి సరిపోయిందో లేదో చూసే పద్ధతి అది. నాన్న పొట్టి చేతుల మనిషి, ఆయనకి ఎన్నటికీ అందదని తేలిపోయింది. కర్ర కోయిస్తే సరిపోతుందని ఎవరో అంటే, తాతగారు ఆ మనిషితో మాట్లాడటమే మానేశారు. ఇక మిగిలింది నేను. బెత్తెడు దూరం, మరుసటేడు నాలుగు వేళ్ళు, ఆ పైయేడు రెండు. "ఎదుగుతున్నావు, ఎదుగు. ఇది నీదే" అనేవారు. పొద్దున్నే దూలం పట్టుకుని వేలాడితే చేతులు సాగుతాయని ఎవరో చెబితే, ఏడాది పొడుగునా అరచేతులు కాయలు కాసేలా వేలాడాను.

సాయంత్రం డప్పులతో పులివేషాలు వచ్చేవి. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, నడుముకి కట్టిన తోక, పంటి కింద నిమ్మకాయ. పులి వెంకన్న వాకిట్లో గంతులేసి, గాండ్రించి, మేకపిల్లని నోటకరిచినంత పని చేశాక, తాతగారు అరుగు మీద లేచి నిలబడి, ఖాళీ తుపాకీ భుజానికెత్తి "ఢాం" అనేవారు. వెంకన్న గిరగిరా తిరిగి పడిపోయేవాడు. ఊరంతా ఈలలు. ఆ రైఫిలు కొట్టిన పులి అదొక్కటే. ఏటా దాన్నే కొట్టింది. చివరి ఏళ్ళలో వెంకన్న, వేషం కట్టుకునే ముందు అరుగు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "అయ్యగారూ, ఈ యేడు కూసింత బేగీ పేల్చేయండి బాబూ, మోకాళ్ళు లాగేత్తన్నాయి" అని బతిమాలుకునేవాడు. "ముసలి పులి, ముసలి వేటగాడు. మధ్యన నా తోట" అనేది నాయనమ్మ.

ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాలి, అయ్యాక తెచ్చుకోవాలి. తాతగారు దాన్ని శాలువాలో చుట్టి గుర్రబ్బండిలో తీసుకెళితే ఎస్సై లేచి కుర్చీ వేసేవాడు. ఆ చివరి ఎన్నికలకి అలాగే అప్పగించి వచ్చారు. తిరిగి తేకముందే పోయారు. ఆయన ఉండగా జరిగిన ఆఖరి దసరాకి నా వేలికి ఒక్క కణుపు దూరమే మిగిలింది.

తేవడానికి నాన్న వెళ్ళారు, నన్ను వెంటబెట్టుకుని. ఎస్సై కొత్తవాడు, లేవలేదు. కోడిపందాల్లో పట్టుబడ్డవాళ్ళ పక్కన బల్ల మీద కూర్చోమన్నాడు. చాలాసేపటికి పిలిచి, "లైసెన్సు పెద్దాయన పేరున ఉందండి. వారసులని తాసీల్దారు దగ్గర కాగితం తెచ్చుకోండి" అన్నాడు.

"నేనెవరో తెలీదా నీకు?" అన్నారు నాన్న.

"తెలీదండి" అన్నాడతను. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలియదు.

నాన్న లేచి బయటికి వచ్చేశారు. ఇంటికొచ్చి, "వాళ్ళే తెచ్చి ఇస్తారు" అన్నారు. ఎవరూ తేలేదు. నాన్న ఆ మెట్లు మళ్ళీ ఎక్కలేదు, మమ్మల్ని ఎక్కనివ్వలేదు. "బావుంది. ఇక నా తోట పోలీసులు సాగుచేసుకుంటారు" అంది నాయనమ్మ. నాన్న కూడా పోయేనాటికి నేను ఇక్కడున్నాను, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కోసం నిలబడని వరస లేదు, చూపించని కాగితం లేదు. మా నాన్న తేనన్న కాగితం కంటే ఎన్నో రెట్లు తెచ్చాను, నేనెవరో తెలియనివాళ్ళకి.

శుక్రవారం మహబూలాలో మా జిల్లావాళ్ళ గదికి వెళితే అమలాపురం సత్తిబాబు ఆటపట్టించాడు. "ఏవండీ దొరగారూ, బాబాకి తుపాకీ బేరం మీరే తేలుస్తన్నారంట! కొనెయ్యమనండి. ఆయన డబ్బు, ఆయన సరదా, మద్దెలో మీకేం పోయింది?" నేను మాట మార్చి, నాయనమ్మ తోట ఉన్న కాలవ గట్టు సంగతి అడిగాను. "ఆయ్, అక్కడ తోటలెక్కడండీ బాబూ! మొత్తం రొయ్యల చెరువులే. ఉప్పెక్కిపోయి గడ్డి కూడా మొలవదు" అన్నాడు. అని, కొబ్బరి లౌజు చేశాం తినండని పళ్ళెం జరిపాడు. వద్దన్నాను.

గురువారం కొలతల మనిషి వచ్చాడు. సాగదీసి బిగించుకునే వీలున్న ఉత్తుత్తి తుపాకీతో బాబా కొలతలన్నీ తీసుకున్నాక, బాబా నవ్వుతూ దాన్ని నా చేతికిచ్చి, "నువ్వూ పట్టి చూడు" అన్నాడు. దీవానియాలో కూర్చున్నవాళ్ళంతా చూస్తున్నారు. మడమని మోచేతి మడతలో ఆనించాను. పొట్టిగా ఉంది. ఆ మనిషి మర తిప్పి సాగదీశాడు, ఇంకా సాగదీశాడు, నా చూపుడువేలు ట్రిగ్గర్ మీద సరిగ్గా వాలేదాకా. పొడుగు చేతులు, ఇలాంటివి అరుదు అన్నాడు. ఆ పొడుగు నాకు తెలుసు. ఒక్క కణుపు దూరంలో నేను వదిలేసిన పొడుగు అది. ఆ తుపాకీ నాకు సరిపోయేదని, ఈ వయసులో, ఈ ఊళ్ళో, పరాయివాళ్ళ మధ్య తెలిసింది.

"చెప్పు మరి. జేన్?" అన్నాడు బాబా.

వెన్ను నిటారుగానే ఉంచుకుని, "మూ జేన్, బాబా" అన్నాను.

ఆయన ఒక్క క్షణం చూసి, "ఖలాస్" అని చెక్కముక్కలు పక్కకి నెట్టి, పళ్ళెంలోంచి ఖర్జూరం అందుకున్నాడు. మా ఇంట్లో ఒక తోటనీ ఇద్దరు మగవాళ్ళనీ తినేసిన మాట ఇక్కడ ఖర్జూరం గింజ ఊసేలోపు తేలిపోయింది. ఇప్పుడు అడవి మాది కాదు, తోట తోట కాదు, పులివేషం కట్టేవాళ్ళు ఊళ్ళో లేరు, లౌజు పాకం నాయనమ్మతోనే పోయింది. పాత స్టేషను కూలగొట్టి కొత్తది కట్టారట. దాని చీకటి గదిలో ఆ అక్రోటు కర్రని చెదలు తిన్నాయో, ఏ మంటలో వేశారో అడిగే హక్కున్నవాణ్ణి నేనే. నేనూ అడగలేదు.

తర్వాత మామాని సరుకుల కోసం జమియాకి తీసుకెళ్ళాను. ఆ ఉత్తుత్తి తుపాకీ కర్ర పట్టుకున్న నా చేతులు స్టీరింగు మీద ఇంకా అవిసెనూనె వాసనేస్తున్నాయి. వెనక సీట్లోంచి ఆవిడ, "మంచిపని చేశావు. పాపం, మీ తాతకి ఇలా చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారా?" అంది.

అద్దంలోకి చూడకుండా, "లేరు మామా" అన్నాను. "ఉంటే వినేవారే."