దామోదరం రంపం ఎందుకు ఆగింది

మోటార్లకు కాయిల్ కట్టే మునీంద్ర రాగి తీగకు దుడ్లు తీసుకుని అల్యూమినియం తీగ చుట్టాడని వడమాలపేటలో ఎవరైనా చెబితే నమ్మకండి. అది తప్పు. ఆ తర్వాత మునీంద్ర మనుషుల్ని పెట్టి దామోదరాన్ని కొట్టించాడనీ, ఆ దెబ్బలకు భయపడే దామోదరం మాట మార్చాడనీ ఇంకో ముక్క అతికించి చెబుతారు. అది ఇంకా తప్పు. మునీంద్ర దోమను కొట్టాలన్నా కాసేపు ఆలోచించే మనిషి. అసలు ఏం జరిగిందో దామోదరమే అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకుంటున్నాడు. వినే ఓపికే జనానికి లేదు.

దామోదరం వడ్రంగి. పుత్తూరు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. వాకిళ్లూ కిటికీలూ చేస్తాడు. చెయ్యి మంచిది. నోరూ మంచిదే గానీ కొంచెం ముందు పరిగెత్తుతుంది. షెడ్డు నడిమధ్యలో ఇనప బల్ల, బల్ల మధ్యలో గుండ్రటి రంపం, కింద మోటారు. మద్రాసులో ఎవరో కట్టెల డిపో మూసేస్తుంటే దామోదరం నాయన దాన్ని కొని, లారీలో దాని పక్కనే కూర్చుని తెచ్చుకున్నాడు. నాయన పోయాక ఆ రంపమే నాయన అయింది. పొద్దున షెడ్డు తెరవగానే దామోదరం ముందు ఆ బల్లను తాకి కళ్లకద్దుకుంటాడు. "నాకెప్పుడన్నా అట్ల దండం పెట్టినావా?" అని వసంతమ్మ ఎగతాళి చేస్తుంది. వసంతమ్మ ఆయన భార్య.

ఆ యేడు వానలకు రేకు కారి మోటారు కాలిపోయింది. బస్టాపు ఎదురుగా ఉన్న మునీంద్ర దగ్గర కొత్త కాయిల్ కట్టించాడు. మునీంద్ర కొట్టు చిన్నది. ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీదే. అయినా నగరి మరమగ్గాల మోటార్లు గోనెసంచుల్లో బస్సెక్కి, మధ్యలో పుత్తూరులో కాయిల్ కట్టేవాళ్లున్నా వాళ్లను దాటుకుని, ఇక్కడిదాకా వస్తాయి. ఆయన సంసారం నడిచేది ఆ గోనెసంచుల మీదే.

ఆయుధపూజ నాటికి మోటారు చక్కగా తిరుగుతోంది. దామోదరానికి ఆనందం పట్టలేదు. రంపానికి గంధం పూసి, బొట్లు పెట్టి, బంతిపూల మాల వేసి, గుమ్మడికాయ కొట్టించాడు. అంతటితో ఊరుకోలేదు. నెయ్యీ పసుపూ కలిపిన అక్షింతలు పిడికిలి నిండా తీసుకుని, వంగి మోటారు మీదే చల్లాడు.

"మోటారు మీద ఎందుకయ్యా? ఫోటో కాడ వెయ్యి," అంది వసంతమ్మ.

"మనకు కూడు పెట్టేది ఫోటోనా, మోటారునా?"

"నీతో మాట్లాడేదానికి నేనే మోటారు కావాల," అని ఆమె లోపలికి పోయింది.

కార్తీకంలో నగరి యోగానంద కొత్త ఇంటికి సింహద్వారం వాకిలి నిలబెట్టే ముహూర్తం. యోగానంద మగ్గాలు నడిపే మనిషి, నలుగురికీ పని ఇచ్చేవాడు. ఆయన ఒక మాటంటే నగరిలో నాలుగు వీధులు వింటాయి. టేకు కొయ్య తెచ్చి షెడ్డులో దించాడు. ఒకరోజు పొద్దున వాకిలి ఎంతవరకు వచ్చిందో చూద్దామని తానే వచ్చాడు.

దామోదరానికి తన పనితనం చూపించాలని ముచ్చట పుట్టింది. "చూడు సామీ, వెన్నను కోసినట్టు కోస్తాది," అని స్విచ్చు వేశాడు.

రంపం కదల్లేదు. గుమ్మ్... అని మూలుగు ఒకటే. ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ గుమ్మ్. ఈసారి కాస్త ఎక్కువసేపే పట్టుకున్నాడు. వేడెక్కిన వార్నీషు వాసన వచ్చింది.

యోగానంద ముక్కు మూసుకున్నాడు. "ఏంపా, నా వాకిలి చూడంగానే నీ మిషను లీవు పెట్టిందా? ముహూర్తానికి దేంతో కోస్తావు, పళ్లతోనా?"

ఆయనతో వచ్చిన డ్రైవరు కిసుక్కుమన్నాడు. దామోదరానికి మొహంలోకి రక్తం ఎక్కింది. నాయన మిషను, పరాయివాళ్ల ముందు, గుమ్మంటూ. ఏదో ఒకటి చెప్పాలి. నోటికి మొదట తగిలిన మాటే బయటికి వచ్చేసింది.

"నా మిషనుకేమీ లేదు సామీ. అంతా ఆ కాయిల్ కట్టే మునీంద్ర పుణ్యం. రాగి అని చెప్పి అల్యూమినియం చుట్టినట్టుండాడు. ఆ వాసన సూడు, ఎట్ల మాడతా ఉండాదో."

యోగానంద నవ్వు ఆగిపోయింది. "మునీంద్రనా? నా మగ్గాల మోటార్లన్నీ ఆయన కట్టినవే కదప్పా!"

"నేనేం చెప్పను సామీ. మీరే సూసుకోండి."

అన్నప్పుడు దామోదరానికి హాయిగానే ఉంది. సిగ్గు తన మీద నుంచి దిగి ఇంకొకరి మీదికి ఎక్కింది కదా.

యోగానంద వెళ్లాక దామోదరం మునీంద్రకు ఫోన్ చేశాడు. పాపం, మునీంద్రకు ఏమీ తెలియదు. నిదానంగా అడిగాడు. "గుమ్మంటా ఉండాదా? తిరగడం లేదా? అట్లయితే కాయిల్ కాదప్పా. వెనక మూత ఇప్పి చూడు. ఆడ చిన్న స్విచ్చు ఉండాది, దాంట్లో ఏమన్నా అడ్డం పడింటాది."

"మా నాయన కాలం నుంచి సూస్తాండా ఈ మిషన్ని. నాకు నేర్పిస్తావా?" అని దామోదరం ఫోన్ పెట్టేశాడు.

పెట్టేసి నేరుగా చౌడమ్మ టీ కొట్టుకు పోయాడు. నగరి బస్సుల డ్రైవర్లూ కండక్టర్లూ ఆగేది అక్కడే. యోగానంద దగ్గర "చుట్టినట్టుండాడు" అన్న మాట, చౌడమ్మ కొట్టుకు చేరేసరికి "చుట్టినాడు" అయింది. టీ సగం తాగేసరికి "ఎంతమందికి చుట్టినాడో" అయింది.

చౌడమ్మ గ్లాసులు కడుగుతూ అడిగింది. "మూత ఇప్పి సూసినావా, కళ్లారా?"

"వాసన సూస్తే తెలీదా అక్కా?"

"ముక్కుతో సూసేవాణ్ణి నిన్నే సూస్తా ఉండా," అంది ఆమె. అందరూ నవ్వారు. ఆమె మాటకు నవ్వారు గానీ, దామోదరం మాటను బస్సెక్కించుకుని పోయారు.

షెడ్డులో రంపం మాత్రం మూలుగుతూనే ఉంది. దామోదరం బెల్టు పీకి, రంపాన్ని చేత్తో తిప్పి చూశాడు. సాఫీగా తిరిగింది. మోటారు ఇరుసునూ తిప్పాడు. బేరింగు పట్టెయ్యలేదు. కరెంటు తక్కువేమో అనుకుంటే బల్బు ధగధగా వెలుగుతోంది. పుత్తూరు పోయి కొత్త కండెన్సరు తెచ్చి వేశాడు. మళ్లీ గుమ్మ్. చివరికి, బెల్టు లేని మోటారు చక్రాన్ని కట్టెపుల్లతో గిర్రున తోసి, పుల్ల తీసేసి స్విచ్చు వేశాడు.

మోటారు అందుకుంది. ఝుమ్మని, ఒక్క వణుకు లేకుండా, కొత్త పెళ్లికొడుకు మాదిరి పరిగెత్తింది.

దామోదరం సంతోషపడాలి. కానీ ఆపి, మళ్లీ పుల్లతో తోసి చూశాడు. మళ్లీ అందుకుంది. కాయిల్ చెడిపోయి ఉంటే మోటారు ఇంత బాగా ఎట్లా తిరుగుతుంది? తిరగడానికి లోపం లేదు. మొదటి తోపే అందడం లేదు. మునీంద్ర ఫోన్లో చెప్పిందీ అదే.

స్విచ్చు ఆపి, వైరు పీకేసి, వెనక మూత బోల్టులు ఇప్పాడు. లోపల చిన్న స్విచ్చు కనబడింది. దానికి రెండు బొడిపెలు. మోటారు ఆగినప్పుడు అవి ఒకదానికొకటి తగులుకోవాలి. అప్పుడే తర్వాతిసారి మొదటి తోపు అందేది. వేగం అందుకున్నాక అవే విడిపోతాయి. ఆ రెండు బొడిపెల మధ్యలో, రంపపు పొట్టు అంటుకుని, నెయ్యి జిడ్డుతో గట్టిగా కూర్చుని ఉంది ఒక పచ్చటి బియ్యపు గింజ.

అక్షింత. ఆయన చేత్తో ఆయన చల్లిందే. మూత మీది గాలి కంతల్లోంచి లోపలికి జారి, కొన్నాళ్లు ఎక్కడో దొర్లి, ఒకరోజు మోటారు ఆగేటప్పుడు సరిగ్గా ఆ సందులో చిక్కింది.

దాని వెనకాలే కాయిల్ కనబడుతోంది. ఎర్రగా, వరసగా, జడ అల్లినట్టు చుట్టిన రాగి. గోటితో వార్నీషు గీకి చూడాల్సిన పని కూడా లేదు. అయినా గీకాడు. రాగే.

గింజను గోటితో పీకి వేలి మీద పెట్టుకున్నాడు. విసిరేద్దామంటే అక్షింత, కాలి కింద పడకూడదు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

మూత బిగించి స్విచ్చు వేస్తే రంపం తిరిగింది. ఆ శబ్దం విని వసంతమ్మ వచ్చింది. "ఏమయిందయ్యా?"

"పొట్టు పడింది," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

వాకిలి పూర్తి చేశాడు. పని చేసినన్నాళ్లూ బస్టాపు వైపు పోలేదు. టీ ఇంట్లోనే తాగాడు. చొక్కా ఉతకబోతూ జేబులు తడిమిన వసంతమ్మకు ఆ గింజ దొరికింది. ఆమె తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"పొట్టు పసుపు పచ్చగా ఉంటాదని నాకు తెలీదే," అంది.

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"యోగానంద మోటార్లన్నీ పుత్తూరుకు మార్చేసినాడంట. ఆయన్ను సూసి మిగతావాళ్లూ. మునీంద్రన్న పని లేక షట్టరు సగమే ఎత్తతా ఉండాడని చౌడమ్మక్క చెప్పింది. నువ్వు నోరు తెరుస్తావా, నేను తెరవాల్నా?"

"ముహూర్తం కానీ, తర్వాత సూస్తాం," అన్నాడు.

నగరిలో ముహూర్తం నాడు వాకిలికి పసుపు పూసి, మామిడాకులు కట్టి నిలబెట్టారు. చుట్టూ మగ్గాలవాళ్లందరూ. వడ్రంగికి మర్యాద చెయ్యడం ఆచారం కాబట్టి యోగానంద కొత్త పంచె, కండువా తట్టలో పెట్టి ఇచ్చాడు.

"ఏమన్నా చెప్పండి, దామోదరం మంచి పనోడు," అన్నాడు అందరికీ వినబడేట్టు. "ఆ మునీంద్ర అల్యూమినియం మోటారుతోనే ఇంత బాగా కోసినాడంటే, నిజంగా రాగి ఉండుంటే నాకు కోట కట్టేవాడు!"

అందరూ నవ్వారు. పూజ చేయించే అయ్యవారు అందరి చేతుల్లో అక్షింతలు పెట్టాడు. అందరూ వాకిలి మీద చల్లారు. దామోదరం పిడికిలి విప్పలేదు.

"వెయ్యప్పా, ఘడియ దాటిపోతాది," అన్నాడు యోగానంద.

"సామీ, మునీంద్ర చుట్టింది రాగే."

ఎవరికీ అర్థం కాలేదు. దామోదరం పిడికిలి తెరిచి చూపించాడు. "ఇట్లాంటి గింజే మోటారులో అడ్డం పడింది. మోటారు మీద నేనే చల్లినా. మీ ముందర మిషను ఆగిపోతే నాకు తలకొట్టేసినట్టు అయింది. నా పరువు కోసరం ఆయన పరువు తీసినా. మూత ఇప్పకుండానే చెప్పినా."

యోగానంద మొహం మాడిపోయింది. "అంటే నువ్వు చూడకుండానే... నేను ఊరందరికీ చెప్పినానే!"

వాకిలి పక్కన కూర్చున్న యోగానంద తల్లి దేవకమ్మ గట్టిగా అరిచింది. "ఒరే, ఇద్దరూ సిగ్గుపడేది తర్వాత పడుదురు గానీ, ముందు ఆ అక్షింతలు వెయ్యండ్రా! వాకిలి మీద వెయ్యి నాయనా, మోటారు మీద కాదు!"

ఎవరో నవ్వారు. దామోదరం అక్షింతలు వేశాడు. తొందరలో సగం నేల మీద పడ్డాయి. వంగి ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. ఏరుతున్నంతసేపూ తల పైకెత్తనవసరం లేకపోయింది, అదే ఆయనకు కాస్త ఊరట.

బస్సు దిగి నేరుగా మునీంద్ర కొట్టుకు పోయాడు. సగం ఎత్తిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరాడు. మునీంద్ర ఎవరిదో ఫ్యాను విప్పుతున్నాడు. దామోదరం పంచె, కండువా ఉన్న తట్టను బల్ల మీద పెట్టాడు.

మునీంద్ర తట్ట వైపు చూడలేదు. "ఫోన్లో చెప్పినా కదా, వెనక మూత ఇప్పమని."

"చెప్పినావు అన్నా."

"ఇప్పినావా?"

"ఇప్పినా."

"ఎప్పుడు?"

దామోదరం తట్టలో కండువా సర్దాడు. "ఊరంతా చెప్పినాక."

మునీంద్ర స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "ఇది తీసుకుపో. వాకిలి చేసింది నువ్వు, నేను కాదు. నాకు చెప్పి ఏం లాభం? నేను చుట్టింది రాగి అని నాకు తెలుసు. యాడ చెప్పినావో ఆడ చెప్పుకో పో."

దామోదరం చౌడమ్మ కొట్టుకు పోయి చెప్పాడు. ఆమె గ్లాసు కింద పెట్టి మొత్తం విన్నది. బెంచీ మీద ఉన్న కండక్టరు "అట్లనా" అని సెల్లు చూసుకున్నాడు. డ్రైవరు మధ్యలోనే బస్సు హారను కొట్టాడు. మొదటి మాటకు చెవులు నిక్కబొడుచుకున్నవాళ్లే, ఈ మాటకు టీ చల్లారిందన్నారు. దామోదరం మళ్లీ మర్నాడు పోయాడు. ఆ మర్నాడూ పోయాడు. ఇంతగా ఎందుకు చెబుతున్నాడని జనానికి అనుమానం వచ్చింది. దెబ్బలు తిన్నాడన్న కథ అక్కడే పుట్టింది.

యోగానంద తన మోటార్లు తిరిగి పంపడం మొదలుపెట్టాడు. మిగతా మగ్గాలవాళ్లు పుత్తూరుకు అలవాటు పడ్డారు. పొద్దుగూకే ముందు దామోదరం షెడ్డు మూసి మునీంద్ర కొట్టు ముందున్న బెంచీ మీద కూర్చుంటాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. నగరి బస్సు వచ్చి ఆగినప్పుడల్లా దామోదరం లేచి, వెనక డిక్కీలోంచి గోనెసంచి దిగుతుందేమోనని చూస్తాడు. దిగకపోతే మునీంద్ర వైపు చూడకుండా వచ్చి కూర్చుంటాడు.

తిరుపతి నుంచి పుత్తూరు వైపు పోయేవాళ్లు ఎవరైనా వడమాలపేటలో ఒక్క బస్సు వదిలేసుకుని దామోదరాన్ని చూసి రండి. మనిషి చిక్కిపోయాడని వసంతమ్మ దిగులుపడుతోంది. రంపం బాగుందా అని అడగండి, చాలు. ఆయనే మొదలుపెడతాడు. మధ్యలో సెల్లు తియ్యకుండా చివరిదాకా వినండి. వచ్చేటప్పుడు బస్టాపు ఎదురుగా మునీంద్ర షట్టరు ఎంతవరకు ఎత్తి ఉందో అది కూడా చూసి చెప్పండి.