మూడో నంబరు పక్కన ఎవరూ పడుకోలేదు

ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరంలో నా ప్రాజెక్టుకు నాలుగు జెర్బిళ్లను ఇచ్చారు. జెర్బిల్ ఎలుక లాంటిదే. తోక నిండా బొచ్చు ఉంటుంది, వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడి చూస్తుంది, గుంపుగా బతుకుతుంది. ఆ గుంపులో ఒకదానితో ఒకటి ఎలా మెలుగుతాయో చూసి నమోదు చేయడం నా పని. వేసవిలో ల్యాబుకు తాళం పడుతుంది కాబట్టి వాటిని ఇంటికి తీసుకుపొమ్మన్నారు మా గైడ్.

గాజు తొట్టిని ఒళ్లో పెట్టుకుని స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆటో ఎక్కాను. తొట్టి మీద గుడ్డ కప్పి ఉంది.

"చేపలా అక్కా?" అన్నాడు డ్రైవరు.

"ఎలుకలు."

అతను సీట్లో కాస్త ముందుకు జరిగి ఆటో వేగం పెంచాడు.

ఇంట్లో ఉండేది నేను, మా అత్తమ్మ. మా ఆయన భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేస్తూ వారానికోసారి వచ్చేవాడు. పెళ్లయి మూడేళ్లయినా మా అత్తాకోడళ్ల మాటలు కూర దగ్గర మొదలై నీళ్ల మోటారు దగ్గర ఆగిపోయేవి. అత్తమ్మ తొట్టిలోకి చాలాసేపు చూసింది.

"మేం చేన్ల మందు పెట్టి సంపుతం. నువ్వు కొనుక్కొచ్చి పల్లీలు పెడ్తున్నవా?"

"కొనలేదు అత్తమ్మా, కాలేజీవి."

"గంతే నయం."

ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ జెర్బిళ్ల గదిలోకి వెళ్లింది. కూలర్ వెనకే అత్తమ్మ కూడా వెళ్లింది. అలా మధ్యాహ్నాలన్నీ తొట్టి ముందు ఇద్దరం కూర్చునేవాళ్లం.

గైడ్ ఇచ్చిన జాబితాలో వాసన చూడటం, ఒకదాని బొచ్చు మరొకటి దువ్వడం, తరమడం, గుద్దులాడటం, వెనక కాలితో నేలను కొట్టడం లాంటివి ఉన్నాయి. నాలుగూ ఆడవే, అక్కచెల్లెళ్లు. ఒక్కోదానికి ఒక్కో చోట బొచ్చు కత్తిరించి నంబర్లు ఇచ్చాం. నిమిషానికోసారి చూసి ఒక గీత పెట్టాలి. అలగడం, ఏడిపించడం వంటి మనుషుల మాటలు కాగితం మీద కనిపించకూడదు. ఏం జరిగినా తొట్టిలో చెయ్యి పెట్టకూడదు.

అత్తమ్మకు ఈ నియమాలు లేవు. "రెండోదానికి పెద్దకోడలి పెత్తనం," అనేది. "నాలుగోది ఎటు గాలి వీస్తే అటు." నేను విననట్టు గీతలు పెట్టుకునేదాన్ని.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం, "మూడోదాన్ని ఎల్లగొడ్తరు బిడ్డా," అంది.

నా కాగితాలు తిరగేసి చూశాను. ఎక్కడా గొడవ లేదు. అదే చెప్పాను.

"రెండొద్దుల సంది దాని పక్కకు ఏదీ పండుకుంటలేదు. గది నీ కాయితంల లేదా?"

లేదు. నిద్రకు మా జాబితాలో ఒకటే గడి, విశ్రాంతి. నాలుగింటికీ అందులో గీతలున్నాయి.

మర్నాడు రెండో నంబరు మూడోదాన్ని తరమడం మొదలుపెట్టింది. తరమడం కింద గీత పెట్టాను. మరో గీత. నాలుగోది కూడా కలిసింది. గుద్దులాట కింద గీత. మూడోదాని తోక మొదట్లో ఎర్రగా కనిపించింది. నేను పెన్ను దించలేదు. ఆ గీతలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి, చాలా నీట్‌గా ఉంటాయి.

"నెత్తురొస్తుంది, కనవడ్తలేదా?"

"సార్ చెయ్యి పెట్టొద్దన్నడు అత్తమ్మా."

"సార్ గిక్కడున్నడా?"

అత్తమ్మ చెంబు తెచ్చి, తొట్టిలో దించి, మూడోదాన్ని అందులోకి తోసి అరచేత్తో మూసింది. అది ఆమె వేలు కొరికింది. ఆమె చెయ్యి తియ్యలేదు.

ఆ సాయంత్రం రెండు దవాఖానలు తిరిగాం. పశువుల దవాఖానలో గాయానికి మందు రాశారు. మనుషుల దవాఖానలో అత్తమ్మకు సూది వేశారు. ఏం కరిచిందని అడిగితే, "మా కోడలి సదువు," అంది.

ఇంటికొచ్చి ఫోనులో తీసిపెట్టిన వీడియోలు చూశాను. అత్తమ్మ చెప్పిన ఆ రెండు రోజులూ మూడు జెర్బిళ్లు ఒకే కుప్పగా నిద్రపోయాయి. నాలుగోది, అంటే మూడో నంబరు, ఎదుటి మూలలో ఒంటరిగా ముడుచుకుని ఉంది. దానికి రెండడుగుల దూరంలో కూర్చుని నేను విశ్రాంతి అని రాసుకున్నాను. సిగ్గేసింది.

గైడ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను.  "మీ అత్తగారు మొదట ఏ రోజు చెప్పారో రాశారా?" అన్నారు.

ఆ మర్నాటి నుంచి కొత్త గడి గీశాను: ఎవరి ఒంటికి ఎవరు ఆనుకుని పడుకున్నారు. అత్తమ్మ చూసి చెప్పేది, నేను రాసేదాన్ని. మూడోది మాత్రం మళ్లీ గుంపులో కలవలేదు. తొట్టి మధ్యలో ఇనుప జాలీ అడ్డం పెట్టి ఒకసారి కలపడానికి ప్రయత్నించాం. రెండోది పరుగెత్తుకొచ్చి నేలను టపటపా కొట్టింది. జాలీ తీసేసి మూడోదాన్ని మళ్లీ విడిగా పెట్టాం. సెలవులయ్యాక మిగతా మూడూ ల్యాబుకు వెళ్లాయి. గుంపు కాదన్నదాన్ని ల్యాబు మాత్రం ఏం చేసుకుంటుందని అత్తమ్మ మూడోదాన్ని ఇవ్వలేదు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్, "ఎంతమంది పరిశీలించారు?" అని అడిగారు.

"ఇద్దరం సార్. నేను, మా అత్తమ్మ."

"ఆమె అర్హత?"

"వ్యవసాయం సార్."

ఆయన తల ఎత్తకుండా రాసుకున్నారు.

తర్వాత నాకు మహబూబాబాద్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. అక్కడే గది తీసుకున్నాను. అత్తమ్మా నేనూ రోజూ ఫోన్ చేసుకునేవాళ్లం. రెండో వానాకాలంలో ఒక ఉదయం ప్రాక్టికల్స్ నడుస్తుండగా అత్తమ్మే ఫోన్ చేసింది.

"మూడోది పోయింది బిడ్డా."

వరండాలోకి వచ్చాను. "తిన్నవా అత్తమ్మా?" అన్నాను.

"తినబుద్ధి అయితలేదు."

పిల్లలను మరో లెక్చరర్‌కు అప్పగించి, హాఫ్ డే సెలవు రాసిచ్చాను. కారణం దగ్గర ఇంట్లో చావు అని రాశాను. మధ్యాహ్నం రైలెక్కి ఇంటికి వెళ్లాను.