డమ్మీ అభ్యర్థి కాగితం చెల్లిన రోజు

2023. అసెంబ్లీ ఎన్నికలు. సినిమాల్లో ముప్ఫై ఏళ్లకు పైగా కాస్ట్యూమర్‌గా చేసిన నన్ను జూబ్లీ హిల్స్‌లో ఉండే ఒక నిర్మాత పిలిపించాడు. ఒక చిన్న పార్టీ ఆయనకు టికెట్ ఇచ్చింది. నామినేషన్ నుంచి ప్రచారం దాకా తెల్లబట్టలు కుట్టడం, కెమెరా ముందు కండువా మడత చెడకుండా చూడటం నా పని. దీన్ని మేం కంటిన్యూటీ అంటాం. నిన్నటి సీనులో మనిషి ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే కనపడాలి.

నేను కొలతలు తీసుకుంటుంటే ఆయన లాయరు వచ్చి, డమ్మీగా ఎవరిని పెడదామని అడిగాడు. నాకు డమ్మీ అంటే షూటింగుల్లో కొండ మీది నుంచి తోసే దూది బొమ్మే తెలుసు. లాయరు ఓపిగ్గా చెప్పాడు. పార్టీ ఇచ్చే బీ-ఫారంలో రెండు పేర్లు రాయొచ్చట. మొదటివాడి నామినేషన్ చెల్లకపోతే రెండోవాడు పార్టీ అభ్యర్థి అవుతాడు. చెల్లిందా, రెండోవాడి పని అంతటితో సరి. చట్టం అతన్ని ప్రత్యామ్నాయ అభ్యర్థి అంటుంది, జనం డమ్మీ అంటారు. ఆ ఇంగ్లీషు మాటకు మొదట్లో అర్థం మాట రానివాడనట. తర్వాత బట్టల కొట్లో బొమ్మకూ, పేరుకు మాత్రమే ఉండే మనిషికీ అంటుకుందట.

నిర్మాత తన భార్య పేరు వద్దన్నాడు. “ఆవిడైతే నిజంగానే నిలబడతానంటుంది. మన ఐలయ్యని పెట్టండి. ఆపమన్నచోట ఆపుతాడు.”

ఐలయ్య ఆయన డ్రైవరు. పదకొండేళ్లుగా భార్యాపిల్లలతో బంగళా వెనక గదిలో ఉంటున్నాడు. సంతకం పెట్టమన్నచోటల్లా పెట్టాడు.

నామినేషన్లు వేశాక ఒక నోటీసు వచ్చింది. ఆస్తులు, కేసులు చెప్పే అఫిడవిట్‌లో నిర్మాత ఒక గడి ఖాళీగా వదిలాడని, పరిశీలన మొదలయ్యేలోపు కొత్తది ఇవ్వాలని. కొత్తది సిద్ధమైంది. పరిశీలన రోజు పదిన్నరకే కారు ఎన్నికల అధికారి ఆఫీసు ముందు ఆగింది. ఆయన మాత్రం దిగలేదు. వర్జ్యం నడుస్తోందట. మా ఫీల్డులో మంచి ఘడియ లేనిదే కొబ్బరికాయ కూడా కొట్టరు. వెనక సీట్లో కండువా పట్టుకుని కూర్చున్న నాకూ అది తప్పనిపించలేదు.

“సార్, పదకొండుకు షురువైతదన్నరు. జర నేను పోయి కాయితం ఇచ్చొస్తా” అన్నాడు ఐలయ్య.

“నోర్ముయ్. వర్జ్యం పోడానికి ఇంకా పావుగంట ఉంది.”

పదకొండూ పదికి లోపలికి వెళ్లారు. నేను గుమ్మం దగ్గరే ఆగాను. పరిశీలన మొదలైంది, ఇక తీసుకోవడం కుదరదన్నాడు అధికారి. నిర్మాత ఎంత కేకలేసినా ఆయన నామినేషన్ తిరస్కరించారు. తర్వాత ఐలయ్య పేరు పిలిచారు. కాగితాల్లో ఏ లోపమూ లేదు. చెల్లిందన్నారు.

నా చేతిలో కండువా ఎప్పుడు కింద పడిందో తెలియదు. నిర్మాత ఐలయ్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

బంగళా గేటు దగ్గర కారు దిగుతూ నిర్మాత ఐలయ్యతో అన్నాడు: “రేపొద్దున్నే వెళ్లి విత్‌డ్రా చేసుకో. లేదంటే గది ఖాళీ చెయ్.”

పార్టీవాళ్లేమో ఫోన్ చేసి ఐలయ్యనే ఉండమన్నారు. నేను ఆ వెనక గదికి వెళ్లాను.

“పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోతావ్? నీకెందుకయ్యా ఇవన్నీ?” అన్నాను.

“మాస్టర్, ఆయన కాయితం ఆయనే ఖరాబు చేసుకుండు. నాది మంచిగుంది. మంచిగున్నదాన్ని నేనెందుకు చింపుకోవాలె?”

మర్నాడు సామాను ఆటోలో వేసుకుని కిరాయి గదికి మారాడు. ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు. ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో స్టూడియో వ్యాను నడుపుతున్నాడు.

ఇందులో నేను నేర్చుకున్నది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నలభై దాటాక నేను పలక పట్టి అక్షరాలు దిద్దుకుంటుంటే “ఈ వయసులో నీకెందుకయ్యా” అన్నవాళ్లను ఇప్పటికీ క్షమించలేదు. ఆ రోజు ఐలయ్య గుమ్మంలో నిలబడి నేనన్నదీ అదే మాట.