కత్తెరమ్మ పగ

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. యాభై ఏళ్లుగా కోట్లు కత్తిరిస్తోంది కాబట్టి అందరికీ కత్తెరమ్మే. మేడ మీద టైలరు షాపు. ఆవిడ గుడ్డ కత్తిరిస్తే తమ్ముడు మిషను మీద కుట్టేవాడు. తన పెళ్లి మాట ఎత్తకుండా వాణ్ణి పెంచింది, పని నేర్పింది. "నోరు కటువు, గుండె వెన్న" అనేవాళ్లు జనం. ఆ గుండే డెబ్బై మూడో ఏట మొండికేసింది.

కోటు చేతులు కత్తిరిస్తూనే కూలబడింది. ఆస్పత్రిలో మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేశారు. నాలుగో రోజు డాక్టరు, "పన్నెండు వారాలు వ్యాయామం హాలుకి తీసుకురండి" అని చెబుతున్నాడు. నిద్రపోతోందనుకుని తమ్ముడు అన్నాడు:

"ఈ వయసులో ఆవిడకి కసరత్తులెందుకండీ? ఓ మూల పడుంటుంది లెండి. కత్తిరింపు ఇక నేనే చూసుకుంటాను."

కత్తెరమ్మ కళ్లు తెరిచింది. "నేనొస్తాను డాక్టరుగారూ. ఎన్నింటికి?"

ఇంటికొచ్చాక ఇంకో సంగతి తెలిసింది. ఆవిడది ఎడంచేతి వాటం. ఏరికోరి చేయించుకున్న ఎడంచేతి కత్తెర తనకి పనికిరాదు కదా అని తమ్ముడు దాన్ని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాడట. పుండు మీద కారం చల్లినట్టయింది. ఏడవలేదు. "తమ్ముడు ఆ షాపు మెట్లు దిగాలి, నేను ఎక్కాలి" అనుకుంది, అంతే.

హాల్లో మొదటిరోజు ఆరు నిమిషాలు నడిపించి చూశారు. నూట నలభై మీటర్లకే ప్రాణం కళ్లలోకొచ్చింది. అదే వారం గుండెపోటొచ్చిన నలభై మూడేళ్ల లారీ డ్రైవరు మూడోవారానికల్లా ట్రెడ్‌మిల్ మీద చకచకా నడుస్తున్నాడు. ఈవిడ ఇంకా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం దగ్గరే ఉంది. ఒళ్లు మండి, ఓరోజు వ్యాయామం సైకిలు పిడిని తమ్ముడి మెడ అనుకుని పిసికేసింది. బీపీ పెరిగి పక్కనున్న మానిటరు గీపెట్టింది.

వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి పరుగున వచ్చింది. "ఎవరి మీద పెద్దమ్మా అంత కోపం?"

"తోడబుట్టినవాడి మీద."

"కోపం ఉంచుకోండి, ఊపిరి మాత్రం బిగబట్టకండి. వయసు పైబడ్డాక వారం మంచాన పడితే చాలు, కండ కరిగిపోతుంది. ఆ డ్రైవరుకి నెలలో వచ్చే బలం మీకు మూణ్ణెల్లకి రావచ్చు. రావడం మాత్రం ఖాయం."

"మూణ్ణెల్లేం ఖర్మ, మా తమ్ముడి కోసం మూడేళ్లయినా ఆగుతా."

డ్రైవరు ఆరోవారంలో "నాకు బాగైపోయింది" అని మానేశాడు. ఆవిడ వానొచ్చినా మానలేదు, మోకాలు వాచినా మానలేదు. పన్నెండోవారం అదే ఆరు నిమిషాల్లో రెండొందల అరవై మీటర్లు నడిచింది. డ్రైవరు వెళ్లేనాటికి నడిచినదాంట్లో అది సగమే. అయినా మొదటిరోజుకి దాదాపు రెట్టింపు.

మర్నాడే షాపుకెళ్లింది. పంతొమ్మిది మెట్లు, మూడుచోట్ల ఆగి ఎక్కింది.

"నువ్వెందుకొచ్చావక్కా?" తమ్ముడు కంగారుపడ్డాడు.

"నా పేరున ఉన్న షాపుకి రావడానికి నీ సెలవు కావాలేంట్రా? నీ మిషను నువ్వు తీసుకుపో."

"నీ మంచికే కదా అలా అన్నాను!"

"నా కత్తెర పాత ఇనుములో వేసింది కూడా నా మంచికేనా?"

వాడు కాళ్లు పట్టుకున్నాడు. ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది. సాయంత్రానికి మిషను మెట్లు దిగింది.

అలాగని పాత బలం తిరిగొచ్చిందా అంటే, లేదు. ఒకప్పుడు రోజుకి ఎనిమిది కోట్లు కత్తిరించిన చెయ్యి ఇప్పుడు ఒక్కటి కత్తిరిస్తే అలిసిపోతోంది. గంటసేపు నిలబడితే కూర్చోవాల్సిందే. మళ్లీ ఓ ఎడంచేతి కత్తెర చేయించుకుని, కుట్టుపని ఇంకో దర్జీకి అప్పగించింది. వయసు తన వాటా తాను పట్టుకుపోయిందని ఆవిడకి తెలుసు. దాని మీద ఆవిడకి కోపం లేదు, కోపమంతా తమ్ముడి మీదే.

రోజూ అరగంట నడక బతికినన్నాళ్లూ మానొద్దని ఫిజియో అమ్మాయి చెప్పింది. తమ్ముడు రెండు వీధుల అవతల షాపు పెట్టాడు. ఆ వీధి ఎత్తుపల్లాల్లేకుండా నడకకి బాగుంటుందని కత్తెరమ్మ అందరికీ చెబుతుంది. పొద్దున్నే వాడి గుమ్మం ముందు నుంచి ఈ చివరికీ ఆ చివరికీ ఆరుసార్లు నడుస్తుంది. మొదట్లో వాడు "లోపలికి రా అక్కా" అంటూ బయటికొచ్చేవాడు. ఆవిడ తల తిప్పేది కాదు. ఇప్పుడు ఆవిణ్ణి చూడగానే షట్టరు సగానికి దించేస్తున్నాడు. దాని కింద వాడి పాదాలు కనబడతాయి. కత్తెరమ్మ సరిగ్గా అక్కడే ఆగి, గోడకి చెయ్యి ఆనించి, తీరిగ్గా ఊపిరి తీసుకుని, మళ్లీ కదులుతుంది.

నిన్న ఏడోసారి కూడా తిరిగింది.